హ్యాండిల్‌కి కట్టని జెట్లు

ఆ రోజు తప్పు నాది. బండి హ్యాండిల్‌కి వేలాడాల్సిన రెండు కార్బురేటర్ జెట్లు నా చొక్కా జేబులో ఉండిపోయాయి. దానివల్ల ఒక మనిషి ఇసుక దిబ్బ మీద పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. ఏ పాపమూ తెలియని ఇంకో మనిషి ఉద్యోగం పోగొట్టుకునే దాకా వెళ్లాడు. మొదటిదాన్ని మతిమరుపు అని సరిపెట్టుకోవచ్చు. రెండోదానికి ఆ పేరు పెట్టడానికి వీల్లేదు. జెట్లు నా దగ్గరే ఉన్నాయని తెలిశాక కూడా నేను మూడు రోజులు నోరు విప్పలేదు.

ఇది రాస్తున్నానని తెలిసి పాత స్నేహితులు కొందరు వద్దన్నారు. రిటైరైన మెకానిక్ నాలుగు గొప్పలు చెప్పుకోవాలి గానీ, తన పరువు తనే బజార్లో పెట్టుకుంటాడా అన్నారు. పెట్టుకుంటాను. మెకానిక్కుల గొప్పలు నేను చాలా విన్నాను, వాటితో ఒక్క పిస్టన్ కూడా బతికి బట్టకట్టలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకి పనికొచ్చేది నా తప్పే. దాన్ని సిగ్గుపడుతూనే రాస్తున్నాను, తల మాత్రం దించుకోను.

పని ఏమిటంటే

2002లో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపుకి వచ్చాను. అంతకుముందు విజయవాడ ఆటోనగర్‌లో పద్నాలుగేళ్లు టూ స్ట్రోక్ మోటార్ సైకిళ్లు విప్పి బిగించాను. షార్జాలో అలాంటి ఇంజిన్లే నాలుగు చక్రాల మీద కూర్చుని కనిపించాయి. క్వాడ్ అంటారు. మా వర్క్‌షాపులో తెలుగువాళ్లం మాత్రం నాలుక్కాళ్ల బండి అనేవాళ్లం. రెండు సిలిండర్లు, వెనక చక్రాలకి తెడ్డు రెక్కల్లాంటి టైర్లు. సెలవు రోజు శుక్రవారం వస్తే వీటి మీద ఎక్కి ఇసుక దిబ్బల మీదికి దూసుకుపోవడం అక్కడివాళ్లకి పిచ్చి సరదా.

ఈ పనంటే పవర్ పెంచడం అనుకుని వస్తారు కుర్రాళ్లు. నేను చేసినదాంట్లో ముప్పావు వంతు ఇసుకని ఇంజిన్‌లోకి పోకుండా ఆపడమే. ఫిల్టర్ స్పాంజిని కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి, పిండి, అంచుకి గ్రీజు రాసి బిగించాలి. ప్రతిసారీ, ఒక్క గంట నడిచి వచ్చిన బండికైనా. అంచుకి గ్రీజు రాయడానికి బద్ధకించేవాడు ఈ పనికి పనికిరాడు. మొహమాటం లేకుండా చెప్తున్నాను, వాడు ఇంకో పని చూసుకోవాలి.

మిగిలిన పావు వంతు జెట్లది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ పెట్రోల్లోనే కలిసి వస్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. ఎంత పెట్రోలు పోవాలో నిర్ణయించేది జెట్. శనగ గింజంత ఇత్తడి ముక్క, మధ్యలో సన్నటి చిల్లు. ఒక్కో సిలిండర్‌కి ఒకటి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, దానికి పెట్రోలు ఎక్కువ కావాలి, అంటే పెద్ద చిల్లు జెట్ కావాలి. పైగా తెల్లవారుజామున ఇసుక మంచుకి తడిసి గట్టిపడుతుంది. టైరు గట్టిగా పట్టేస్తుంది, ఇంజిన్ మీద బరువు పెరుగుతుంది. అందుకే మధ్యాహ్నం ఎండలో హాయిగా పాడిన బండి, అవే జెట్లతో జనవరి తెల్లవారుజామున పిస్టన్ కరుచుకుని ఆగిపోతుంది.

ఇప్పుడు నాలుగు ముక్కల్లో చెప్పేశాను. ఆ రోజుల్లో ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ని కాదు. ఆటోనగర్‌లో నా గురువు కార్బురేటర్ విప్పేటప్పుడు మాకు వీపు పెట్టి కూర్చునేవాడు. నేను ఆయన భుజం మీదుగా తొంగి చూసి, తిట్లు తిని నేర్చుకున్నాను. షార్జా వచ్చాక నేనూ మిగతావాళ్లకి వీపు పెట్టాను. విద్య దాచుకుంటేనే అన్నం దొరుకుతుందని గట్టిగా నమ్మాను.

రాగి తీగ

మా వర్క్‌షాపు పికప్ డ్రైవర్ ఖాదర్ బాషా. రాయచోటి మనిషి, యాభై దాటాయి, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. బండ్లని ఎడారికి తీసుకెళ్లి దించడం, నడిపేవాళ్లు అలిసిపోయేదాకా అక్కడే ఉండి తిరిగి తీసుకురావడం ఆయన పని. నేను కళ్లు మూసుకుని ఇంజిన్ శబ్దం వింటుంటే, డాక్టరుగారు నాడి చూస్తాండాడు, ఎవురూ దగ్గొద్దండి, అని అందరినీ నవ్వించేవాడు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం పరీక్ష కోసం పెద్ద జెట్లు తీసి చిన్నవి వేస్తే, తీసిన జతని సన్నటి రాగి తీగతో హ్యాండిల్‌కి ఎడమవైపు కట్టాలి. మర్నాడు తెల్లవారుజామున ఎడారిలో ఖాదర్ భాయ్ ఆ తీగ చూసి, బండి ఎక్కనివ్వకముందే పెద్దవి మళ్లీ వేస్తాడు. చేత్తో మార్చడం వరకే ఆయనకి చూపించాను. ఎందుకో చెప్పలేదు. ఒకసారి అడిగాడు కూడా, పొద్దున ఒకటి, మధ్యాన్నం ఒకటి ఎందుకబ్బీ అని.

“మీకెందుకు భాయ్. తీగ కనిపిస్తే మార్చండి, కనిపించకపోతే వదిలేయండి” అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో నేనన్న అన్ని మాటల్లోకీ చెడ్డ మాట అదే. అన్నప్పుడు మాత్రం చాలా తెలివైన మాటలా అనిపించింది.

గురువారం, శుక్రవారం

అది జనవరి. గురువారం మధ్యాహ్నం సయీద్ తన బండి తెచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, మా కఫీల్‌కి, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, దూరపు బంధువు. బండి బరువుగా లాగుతోందని, పొగ ఎక్కువని ఫిర్యాదు. ఆ ఎండకి పెద్ద జెట్లతో అలా ఉండటం సహజమే, రేపు పొద్దున్నకి సరిపోతుంది అని చెప్తే అయిపోయేది. కానీ కస్టమర్ ముందు చెయ్యి చూపించాలన్న సరదా నాకు. పెద్దవి తీసి చిన్నవి వేశాను. వెనక ఖాళీ స్థలంలో ఇసుక మీద ఒక చుట్టు తిప్పాడు. బండి కత్తిలా దూసుకుపోయింది. దిగి నా భుజం తట్టి, ఉస్తాద్ నెంబర్ వన్ అన్నాడు.

అప్పుడే ముదీర్, అంటే మా మేనేజర్, గుమ్మంలోంచి కేకేశాడు, ఇంకో బండి చూడమని. చేతిలో ఉన్న పెద్ద జెట్లు జేబులో వేసుకుని వెళ్లాను. తీగ కట్టలేదు. సాయంత్రం బండి పికప్ ఎక్కింది.

శుక్రవారం మాకు బట్టలుతికే రోజు. గదిలో ఎనిమిది మందిమి, బాత్రూమ్ దగ్గర వంతులు. నా వంతు రాగానే చొక్కా బకెట్లో వేస్తూ అలవాటుగా జేబు తడిమాను. చేతికి రెండు ఇత్తడి ముక్కలు తగిలాయి.  ఫోన్ చేద్దామని గదిలోకి పరుగెత్తేసరికి ఫోనే మోగుతోంది. ఖాదర్ భాయ్.

హత్తా రోడ్డు మీది ఎర్ర దిబ్బ దగ్గర జరిగిందిది. రెండు చిన్న దిబ్బలు బాగానే ఎక్కాడట సయీద్. మూడోసారి పెద్ద దిబ్బ మీదికి ఫుల్ థ్రాటిల్‌తో వెళ్తుంటే, శిఖరం ఇంకో పది గజాలుందనగా ఇంజిన్ పట్టేసింది. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. మనిషి ఒకవైపు పడ్డాడు, బండి ఆయన పక్కనుంచే దొర్లుకుంటూ కిందికి వచ్చింది. ఇంకో మూర ఇటు పడి ఉంటే నేను రాసేది వేరే కథ. అంబులెన్స్ వచ్చేదాకా సయీద్ నొప్పితో ఖాదర్ భాయ్‌ని నానా మాటలూ అన్నాడట, పదిమంది ముందు.

ఇదంతా చెప్పి ఆయన అడిగాడు. “తీగ కట్టింటివా అబ్బీ?”

జెట్లు నా గుప్పిట్లోనే ఉన్నాయి. “మీరు చూసుకోలేదా భాయ్?” అన్నాను.

చూడండి, నేను అబద్ధం చెప్పలేదు. ఒక ప్రశ్న వేశాను. పిరికివాడికి అబద్ధం కూడా అక్కర్లేదు, ఒక్క ప్రశ్న చాలు.

మూడు రోజులు

శనివారం ఇంజిన్ విప్పాను. పిస్టన్ల మీద నాలుగు వైపులా గీరుకుపోయిన చారలు. స్పార్క్ ప్లగ్గులు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. పెట్రోలు చాలలేదని చిన్న పిల్లాడికైనా తెలుస్తుంది. ముదీర్ వచ్చి చూశాడు. తీగ కట్టావా అని నన్నూ అడిగాడు. ఎప్పుడూ కడతాను కదా సార్ అన్నాను. ఆ మాట కూడా నిజమే. ఆ మూడు రోజుల్లో ఎన్ని నిజాలు చెప్పానో.

ఆదివారానికల్లా అంతా తేలిపోయింది. ఖాదర్ భాయ్ నిర్లక్ష్యం, వీసా కాన్సిల్. ఆ రోజుల్లో అలా పంపేస్తే వెంటనే ఇంకో చోట చేరే వీలు కూడా లేదు, నిషేధం పడేది. పదకొండేళ్లుగా ఆ దిబ్బల్లో తిరిగిన మనిషి, ఒక్క తీగ చూసుకోలేనివాడిగా ఇంటికి పోవాలి. ఆయన వాదించలేదు. వాదిస్తాడేమో, అప్పుడు నిజం దానంతటదే బయటపడుతుందేమో అని ఎదురుచూశాను. నా తప్పు ఒప్పుకునే కష్టం కూడా ఆయనే పడాలన్నమాట.

సోమవారం పొద్దున ఆయన కొత్త కళ్లజోడుతో వచ్చాడు.

పికప్ తాళాలు అప్పగించడానికి వచ్చాడు. నల్ల ఫ్రేము, ముఖానికి అస్సలు నప్పలేదు. ఎప్పుడు తీసుకున్నారని అడిగాను.

“నిన్న రోలా బజార్లో కండ్లు చూపిచ్చుకొన్యా. ఏం ల్యా, నీ వయసుకి బాగానే ఉండాయి అన్న్యాడు డాక్టరు. నేనే బలవంతంగా రాయించుకొన్యా.” జోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “చీకట్లో కనపడదేమో అని ఆ పొద్దు చేత్తో గూడా తడిమినా అబ్బీ, హ్యాండిలంతా. నాకు తగల్లే. కండ్లే కాదు, చేతులు గూడా పోయినట్లుండాయి.”

అప్పుడు నాకు అర్థమైంది నేనేం చేస్తున్నానో. ఉద్యోగం ఒక్కటే పోవట్లేదు. ఒక మనిషిని తన కళ్లనీ చేతుల్నీ నమ్మకుండా చేశాను. జెట్లు తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. నా జేబులోనే ఉన్నాయి భాయ్, శుక్రవారం నుంచీ నాకు తెలుసు అన్నాను.

ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు. తాళాలు అక్కడే పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

ముదీర్ గదిలో

మా ముదీర్ హైదరాబాద్ మనిషి, పాతికేళ్లుగా దుబాయ్‌లో ఉన్నాడు. చెడ్డవాడని అనను. నాకు జ్వరమొస్తే తన కారులో క్లినిక్‌కి తీసుకెళ్లాడు ఒకసారి. కానీ మనుషులు ఆయనకి స్పేర్ పార్టుల్లా కనిపించేవాళ్లు. సులువుగా దొరికేవి కొన్ని, దొరకనివి కొన్ని. నేను చెప్పిందంతా విని, లేచి తలుపు మూసి వచ్చాడు.

“డ్రైవర్ ఇయ్యాల పోతే రేపు ఇంకొకడొస్తడు. జెట్టింగ్ తెల్సినోడు యాడ దొరుకుతడు? నువ్వు నాకేం చెప్పలే, నేనేం వినలే. ఖలాస్. పోయి పని చూస్కో.”

ఇదే మాట శుక్రవారం అని ఉంటే నేను వినేవాణ్నేమో. నిజాయితీగా చెప్తున్నాను, వినేవాణ్నే. సోమవారం వినలేకపోయాను. కఫీల్‌కి నేనే చెప్తాను సార్ అన్నాను.

“నీ వీసా గూడ పోతది, సోచ్ లే.”

“రెండు కాన్సిల్ కాగితాలూ ఒకేసారి టైపు చేయించండి సార్. మీకు పని తగ్గుతుంది.”

అలాంటి మాట పైవాళ్లతో అనడం నాకు అదే మొదలు.  ధైర్యం వచ్చాక మాట్లాడదామని కూర్చునేవాళ్లకి చెప్తున్నాను, అది రాదు. అది లేకుండానే మాట్లాడాలి.

ఆ సాయంత్రమే సయీద్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాను. చెయ్యి మెడకి కట్టి ఉంది. వచ్చీరాని హిందీలో ఇద్దరం మాట్లాడుకున్నాం. ఇంజిన్ పట్టేసినప్పుడు క్లచ్ నొక్కి ఉంటే పడేవాణ్ని కాదు, అంతవరకు నా తప్పే అన్నాడు. నాకు గుండె తేలికపడబోతుండగా ఇంకో మాట అన్నాడు. నా తండ్రి వయసున్న మనిషిని అందరి ముందు తిట్టాను, ఆ పాపం నాతో చేయించింది నువ్వు, ఎముక అతుక్కుంటుంది గానీ అది ఎలా పోతుంది అని.  మర్నాడు ఆయనే ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేసి క్షమాపణ అడిగాడని విన్నాను. 

కఫీల్ తీర్పు

కఫీల్ పెద్దాయన. వారానికోసారి వచ్చి సులైమానీ టీ తాగి వెళ్లేవాడు. ఇంజిన్ గురించి ఏమీ తెలియదు, తెలిసినట్టు నటించేవాడూ కాదు. అందుకే ఆయన మీద నాకు గౌరవం. బుధవారం అందరి ముందూ నా తప్పు మొత్తం చెప్పాను. ఆయన టీ ముగించి, ఖాదర్ భాయ్ వైపు తిరిగి, అన్యాయం జరిగింది నీకు కాబట్టి నువ్వే చెప్పు, ఇతన్ని ఏం చెయ్యమంటావు అని అడిగాడు.

 ఇతన్ని పంపిస్తే ఇతనికి తెలిసింది కూడా ఇతనితో పాటే విమానం ఎక్కి పోతుంది అన్నాడు ఖాదర్ భాయ్. ఆరు నెలలు కార్బురేటర్ ముట్టకుండా ఫిల్టర్లు కడగమనండి అన్నాడు. కఫీల్ గట్టిగా నవ్వి, యల్లా, అలాగే కానీ అన్నాడు. ఖాదర్ భాయ్ వీసా నిలిచింది. నా వీసా కూడా నిలిచింది. ఉస్తాద్ అన్న పిలుపు పోయింది.

ఫిల్టర్లు కడిగాను. కొందరు ఎగతాళి చేశారు, ఉస్తాద్ ధోబీ అని. ఆ ఆరు నెలల్లో మా వర్క్‌షాపు నుంచి ఇసుక తిని చచ్చిన ఇంజిన్ ఒక్కటి లేదు. అది నేను చెప్పుకునే ఏకైక గొప్ప. కావాలంటే కొట్టేయండి.

తిరిగివ్వలేనిది

ఉద్యోగం నిలబడ్డాక కూడా ఖాదర్ భాయ్ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒకరోజు ఫిల్టర్లు ఆరబెడుతుంటే పక్కన వచ్చి నిలబడ్డాడు.

“నువ్వు ఒప్పుకొన్యావు, సరే. ఆ మూడు దినాలు నేను నా కండ్లను తిట్టుకొన్యానే, దాన్ని ఎట్ల తిరిగిస్తావు?”

తిరిగివ్వలేనన్నాను. ఇప్పటికీ నా జవాబు అదే. క్షమించమని అడగడం సులువు, దానికి అవతలివాడు కష్టపడాలి. నేను అడగలేదు. నా చేతిలో ఉన్నదొక్కటే, చేశాను. ఆ రోజు సాయంత్రం ఒక పాత కార్బురేటర్ తెప్పించి, ఆయనకి ఎదురుగా కూర్చుని, విప్పమన్నాను. నేను ముట్టకూడదు కదా. చేతులు ఆయనవి, మాట నాది. చల్లగాలి ఎందుకు బరువో, ప్లగ్గు తెల్లగా ఉంటే ఏమిటో, కాఫీ రంగులో ఉంటే ఏమిటో, తడి ఇసుక ఏం చేస్తుందో, ఏదీ దాచకుండా చెప్పాను. ముదీర్ పిలిచి, అన్నీ నేర్పిస్తే రేపు ఇంకో షాపుకి పోతడు అన్నాడు. పోనివ్వండి సార్ అన్నాను.

సయీద్ బండి ఇంజిన్‌ని కూడా అలాగే కట్టాం. ఎముక అతికి ఆయన మళ్లీ ఎక్కేముందు, మార్చిలో ఒక శుక్రవారం తెల్లవారుజామున ఆ బండిని ఎర్ర దిబ్బ దగ్గరికి తీసుకెళ్లాం. జెట్లు ఏవి వేయాలో నేను చెప్పలేదు. గాలికి చెయ్యి చాపి, ఇసుక పిడికిట్లో నొక్కి చూసి, ఆయనే ఎంచుకుని వేశాడు.

ఇక్కడ ఇంకోటి ఒప్పుకోవాలి. అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా పెద్ద దిబ్బ ఎక్కలేదు. వందల బండ్లు తయారుచేసి ఇతరుల ప్రాణాలతో పరీక్షించాను. ఆ రోజు హెల్మెట్ పెట్టుకుని నేనే కూర్చున్నాను. ఖాదర్ భాయ్ వద్దనలేదు, క్లచ్ మీంచి ఏలు తియ్యాకు అన్నాడు. బొటనవేలితో థ్రాటిల్ చివరిదాకా నొక్కాను. దిబ్బ గోడలా ఎదురొచ్చింది. సయీద్ పడ్డ చోటు దాటేటప్పుడు నాకు తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచాను. శిఖరం మీద, థ్రాటిల్ వదలకుండానే ఇంజిన్ ఆపి, క్లచ్ పట్టుకున్నాను. అలా ఆపితేనే ప్లగ్గు నిజం చెప్తుంది.

ఆయన ఆయాసపడుతూ పైకి ఎక్కి వచ్చి, ప్లగ్గులు విప్పి అప్పుడే పొడుస్తున్న ఎండలోకి పట్టాడు. లేత కాఫీ రంగు. నా లెక్క ప్రకారం అతికినట్టు సరిపోయింది.

“ఇంగో సైజు పెంచల్ల” అన్నాడు.

ఎందుకన్నాను.

“నువ్వు పుల్లమాదిరి ఉండావు. సయీద్ నీకు ఒకటిన్నర. ఆ బరువు మోస్తా బండి ఇదే దిబ్బ ఎక్కల్ల గదా.”

దాదాపు ఇరవై ఏళ్ల అనుభవంలో నాకు తట్టని మాట అది. నేను ఎప్పుడూ గాలినీ ఇసుకనీ చూశాను, ఎక్కే మనిషిని చూడలేదు. పెట్టె తెరిచి పెద్ద జెట్ల జత ఆయన చేతిలో పెట్టాను. ఆయన కార్బురేటర్ విప్పుతుంటే, లోపల ఇసుక రేణువు పడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి పక్కన కూర్చున్నాను.

ఆ రోజు నుంచి, 2008లో నేను విజయవాడ తిరిగి వచ్చేదాకా, మా వర్క్‌షాపులో ఏ బండికైనా జెట్లు ఎంచినవాడే, కస్టమర్ కంటే ముందు, దాన్ని దిబ్బ ఎక్కించాడు.